అసెంబుల్డ్ కంప్యూటర్‌కు కొత్త విండోస్ : చిక్కులు, వాటిని విడదీసే దారులు

“ఈ పి.సి.లో విండోస్ 11 నడవదు” అన్న సంగతి తెరమీద కనబడగానే చాలామంది తమ ముందు రెండే దారులు వున్నాయనుకుంటారు. వేలకు వేలు పోసి కొత్త కంప్యూటర్ కొనడం వొకటి, పాతదాన్నే వాడుకుంటూ దేవుడిమీద భారం వెయ్యడం రెండోది. నిజానికి ఈ రెంటికంటే ముందు చెయ్యవలసిన పని వొకటుంది. ఆ మాట ఎందుకు వచ్చిందో కనుక్కోవడం. చాలాసార్లు యంత్రం ముసలిదైపోయి కాదు, దానిలో వొక సౌకర్యం ఆపివుండడంవల్లనే ఆ మాట వస్తుంది. ఆ సంగతి విడమరచి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అసలు ఈ మార్పు మనకెందుకు? 2015 జూలైలో వచ్చిన విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు ఆపేసింది. ఆ రోజుతో కంప్యూటర్లు ఆగిపోలేదు. కాని కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు అంతవరకూ వాటంతట అవే వచ్చే సవరణలు ఆగిపోయాయి. కంచె విరిగినచోట ముల్లకంప వేసే మనిషి లేని చేనులో నేడో రేపో పశువులు పడక మానవు కదా!

2021 అక్టోబర్ 5న విడుదలైన విండోస్ 11 కొన్ని షరతులు పెట్టింది. 4 గిగాబైట్ల ర్యామ్, 64 గిగాబైట్ల డిస్కు, టి.పి.ఎం. 2.0 అనే భద్రతా భాగం, సెక్యూర్ బూట్‌కు వీలున్న యు.ఇ.ఎఫ్.ఐ., ఆమోదించిన జాబితాలో వున్న ప్రాసెసర్, ఇవి వాటిలో ముఖ్యమైనవి. కంపెనీవాళ్లే మొత్తంగా తయారుచేసి అమ్మిన కంప్యూటరైతే, ఇవన్నీ వున్నాయో లేవో వాళ్లే చెప్తారు. అసెంబుల్డ్ కంప్యూటర్ సంగతి అలాకాదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల మదర్‌బోర్డు వొక కంపెనీది, ప్రాసెసర్ ఇంకొకరిది, ర్యామ్ మరొకరిది తీసుకుని కూర్పించుకుంటాం. ఏ భాగానికి ఆ భాగం హామీ వుంటుంది గాని మొత్తానికి జవాబుదారీ ఎవరూ వుండరు. ఇంటికి తెచ్చుకున్నాక దానికి కంపెనీ మనమే!

మావంటి సేద్యపు కుటుంబాల్లో ఇది చిన్న విషయం కాదు. మా నాన్న మిర్చి అమ్మిన డబ్బులోంచి తీసిస్తే కూర్పించుకున్న యంత్రం మాది. పై మాట వచ్చినప్పుడు వొక దుకాణంలో చూపిస్తే మదర్‌బోర్డు, ప్రాసెసర్ రెండూ మార్చాలన్నారు. తీరా చూస్తే టి.పి.ఎం. ఆపివుంది, అంతే. అది వేశాక విండోస్ 11 ఎక్కింది. ఖర్చు వొక్క రూపాయి కాలేదు. అందరి యంత్రాలకూ ఇంత తేలిగ్గా జరుగుతుందని చెప్పలేను. కాని ఖర్చుకు ముందు పరీక్ష జరగాలని మాత్రం గట్టిగా చెప్పగలను.

మొదట విత్తనాలు దాచుకోవాలి

ఏ మార్పుకైనా ముందు మన ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి నకలు తీసిపెట్టుకోవాలి. రికార్డులు, ప్రాజెక్టులు, ఫొటోలు, ఇంట్లోవాళ్లు దాచమన్న పట్టాదారు పాసుపుస్తకం స్కాన్లు, అన్నీ. ‘సి’లోవి తీసి ‘డి’లో పెడితే చాలదు. రెండూ వొకే డిస్కు మీదివైతే పోయినప్పుడు రెండూ పోతాయి.

ఇంకొక జాగ్రత్త. బిట్‌లాకర్ అనే తాళం పడివుంటే, బయోస్‌లో మార్పులు చేశాక 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ముందే దాన్ని కాగితం మీద రాసుకుని, ఆ తాళాన్ని తాత్కాలికంగా నిలిపివుంచాలి. ఆ కీ లేకపోతే మన సరుకు మనకే అందదు.

తర్వాత కారణం వెదకాలి

మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ‘పి.సి. హెల్త్ చెక్’ నడిపితే ఏ షరతు దగ్గర ఆగిందో విడిగా చూపిస్తుంది.

ప్రాసెసర్ : స్థూలంగా ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి, ఎ.ఎం.డి.లో రైజెన్ 2000 శ్రేణి నుంచి జాబితా మొదలవుతుంది. అయితే అంకె చూసి సరిపెట్టుకోకూడదు. పూర్తి పేరు జాబితాలో వుందో లేదో చూడాలి.

టి.పి.ఎం. : ఇది తాళంచెవులను భద్రంగా దాచే పెట్టె వంటిది. విడిగా చిప్ కొననక్కరలేకుండా చాలా ప్రాసెసర్లలోనే ఈ సౌకర్యం వుంటుంది. కాని ఎన్నో మదర్‌బోర్డులు దాన్ని ఆపివుంచే బజారులోకి వచ్చాయి. కంప్యూటర్ వెయ్యగానే డిలీట్ మీటగాని ఎఫ్2 మీటగాని నొక్కి బయోస్‌లోకి వెళ్లాలి. ఇంటెల్ బోర్డులలో ‘పి.టి.టి.’ అని, ఎ.ఎం.డి. బోర్డులలో ‘ఎఫ్.టి.పి.ఎం.’ అని దాని పేరు కనబడుతుంది.

డిస్కు పద్ధతి : డిస్కులో భాగాల హద్దులు రాసివుంచే పట్టిక వొకటుంటుంది. పాత పద్ధతి ఎం.బి.ఆర్., కొత్తది జి.పి.టి. విండోస్ యు.ఇ.ఎఫ్.ఐ. మార్గంలో లేవాలంటే జి.పి.టి. కావాలి. విండోస్ 10లో 2017 నుంచి వస్తున్న ‘ఎం.బి.ఆర్.2జి.పి.టి.’ అనే పనిముట్టు ఫైళ్లు చెరపకుండా ఈ మార్పు చేస్తుంది. ముందు ‘వ్యాలిడేట్’ అన్న మాట చేర్చి నడిపితే మార్పేమీ చెయ్యకుండా వీలవుతుందో లేదో మాత్రం చెప్తుంది. ఇక్కడే అసెంబుల్డ్ యంత్రాలు తరచు అడ్డం తిరుగుతాయి. సి, డి, ఇ, ఎఫ్ అంటూ ఎక్కువ భాగాలు చేసినచోట ‘ఎక్స్‌టెండెడ్’ భాగం ఏర్పడివుంటుంది. అది వుంటే ఈ పనిముట్టు వొప్పుకోదు. అందులోని సరుకు వేరే డిస్కులోకి చేర్చి, ఆ భాగం తీసేశాకే ముందుకు వెళ్లాలి.

ఇక్కడ వరస ముఖ్యం. ముందు డిస్కు మార్పు, తర్వాతే బయోస్‌లో ‘సి.ఎస్.ఎం.’ అనే పాత పద్ధతిని ఆపి యు.ఇ.ఎఫ్.ఐ.కి మారడం. తిరగేసి చేస్తే విండోస్ లేవదు. కంగారు పడనక్కరలేదు, ఆ అమరిక మళ్లీ మునుపటిలా పెడితే లేస్తుంది. గ్రాఫిక్స్ కార్డు మరీ పాతదైతే సి.ఎస్.ఎం. ఆపగానే తెర నల్లగా వుండిపోవచ్చు. అప్పుడు కరెంటు తీగ పీకేసి, మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీని కొద్ది నిమిషాలు తీసిపెడితే సాధారణంగా అమరికలు మొదటి స్థితికి వస్తాయి.

బయోస్‌నే కొత్తది వెయ్యవలసివస్తే, బోర్డు మోడల్, రివిజన్ నంబరు అచ్చంగా సరిపోయే ఫైలే తీసుకోవాలి. మధ్యలో కరెంటు పోతే బోర్డే పాడుకావచ్చు. మన వూళ్లలో కరెంటు సంగతి తెలిసిందే కనుక యు.పి.ఎస్. లేకుండా ఆ పనికి పూనుకోవద్దు.

మధ్యలో ఆగిపోతే?

అన్నీ సరిపోయినా ఎక్కించేటప్పుడు మధ్యలో ఆగి, వెనక్కి మళ్లి, వొక సంకేతం చూపించవచ్చు. అది తిట్టు కాదు, ఆనవాలు. 0ఎక్స్80070070 అంటే డిస్కులో చోటు చాలలేదని. 0ఎక్స్‌సి1900101తో మొదలైతే చాలావరకు ఏదో డ్రైవర్ దగ్గర తగాదా అని. అప్పుడు కీబోర్డు, మౌస్ తప్ప ప్రింటర్ వంటివన్నీ వూడదీసి, బయటి యాంటీవైరస్ తొలగించి, బోర్డు తయారీదారు ఇచ్చిన కొత్త డ్రైవర్లు వేసి చూడాలి. ర్యామ్ వేగం పెంచివుంటే మామూలు వేగానికి దించాలి.

మనం ప్రయోగశాలలో నేర్చుకున్నదే ఇక్కడా పనికొస్తుంది. వొకసారికి వొక్కటే మార్చాలి, ఫలితం రాసుకోవాలి, తర్వాతే రెండోది. నాలుగూ వొకేసారి మారిస్తే పని జరిగినా దేనివల్ల జరిగిందో తెలియదు. జరగకపోతే అసలే తెలియదు. విండోస్ 11 ఎక్కాక నచ్చకపోయినా, ఏదైనా పనిచెయ్యకపోయినా మామూలుగా 10 రోజుల లోపల పాతదానికి తిరిగి వెళ్లే వీలుంది. అంచేత ఆ పది రోజుల్లో ప్రింటర్, స్పీకర్లు, నెట్ అన్నీ పరీక్షించుకోవాలి. ‘విండోస్.ఓల్డ్’ అనే ఫోల్డర్‌ను మాత్రం అంతవరకు చెరపరాదు.

ప్రాసెసర్ నిజంగానే జాబితాలో లేకపోతే? షరతులు దాటించే కిటుకులు లేకపోలేదు. కాని అలా ఎక్కించిన యంత్రానికి సవరణలు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. అటువంటి యంత్రానికి ఉబుంటు, లినక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థలు టి.పి.ఎం. లేకుండానే నడుస్తాయి. ఉత్తరాలు, లెక్కలు, సి, పైథాన్ ప్రోగ్రాములు, ఇంటర్నెట్, అన్నీ వాటిలో సాగుతాయి. కాలేజీలో తప్పనిసరిగా వాడవలసిన ప్రోగ్రామ్ విండోస్‌లోనే పనిచేసేదైతే ముందే ఆలోచించుకోవాలి. పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూసి నచ్చాకే డిస్కులో ఎక్కించవచ్చు.

ఈ పరీక్షలన్నిటికీ వొక ఆదివారం చాలు. అవి చేశాక కూడా కొత్తది కొనాలనే తేలితే అప్పుడు కొందాం. ఏ భాగం మార్చాలో, ఏది వుంచుకోవచ్చో తెలిసి దుకాణం మెట్లెక్కుతాం కనుక, ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బుకు లెక్క చెప్పుకోగలుగుతాం.