సంచి సంగతి సరే, అందులో ఏముంది?

తెలంగాణలో రేషన్ కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. నలుగురున్న ఇంటికి 24 కిలోలు. ప్రపంచ సగటు ప్రకారం కిలో బియ్యం పండి, మిల్లు దాటి, దుకాణానికి చేరేసరికి సుమారు నాలుగున్నర కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వేడివాయువులు గాల్లో కలుస్తాయి. ఆ లెక్కన 24 కిలోలకు 108 కిలోలు. ఇదే ఇంట్లో రోజుకొకటి చొప్పున నెలకు 30 పల్చటి ప్లాస్టిక్ సంచులు పోగయ్యాయనుకుందాం. సంచి 5 గ్రాములైతే అన్నీ కలిపి 150 గ్రాములు. కిలో ప్లాస్టిక్‌కు 3 కిలోల ఉద్గారం వేసుకున్నా అర కిలో దాటదు.

108 ఎక్కడ, అర ఎక్కడ? కానీ పర్యావరణం మాట ఎత్తగానే మనకు గుర్తొచ్చేది సంచే. ప్లాస్టిక్ చేసే చెరుపు వేరే రకం. మురుగుకాల్వలకు అడ్డం పడుతుంది, ఆవుల పొట్టలో చేరుతుంది. దాన్ని మానడానికి ఆ కారణాలు చాలు. 120 మైక్రాన్ల కన్నా పల్చటి సంచులకు 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషేధం ఉంది, కూరల బండి దగ్గర మాత్రం అడక్కుండానే చేతిలో పెడతారు. అయితే బట్ట సంచి పట్టుకెళ్లినంత మాత్రాన భూమి వేడి తగ్గించే పని అయిపోయిందనుకుంటే లెక్క తప్పినట్టే. మామూలు నూలు సంచి వాతావరణం విషయంలో ప్లాస్టిక్ సంచితో సమానం కావాలంటే కనీసం 52 సార్లు వాడాలని డెన్మార్క్ పర్యావరణ శాఖ 2018లో లెక్కగట్టింది. పెళ్లిళ్లలో తాంబూలంతో పాటు ఇచ్చిన బట్ట సంచులు ఎన్ని ఇళ్లలో అటక మీద మూలుగుతున్నాయో ఎవరి ఇల్లు వాళ్లు చూసుకోవచ్చు.

ఇక్కడ వాడుతున్న తిండి లెక్కలకు మూలం జోసెఫ్ పూర్, థామస్ నెమెచెక్ 2018లో 'సైన్స్' పత్రికలో ప్రచురించిన అధ్యయనం. 119 దేశాల్లోని దాదాపు 38,700 పొలాల సమాచారం అందులో ఉంది. అవి ప్రపంచ సగటులు. కరీంనగర్ మడికీ కాలిఫోర్నియా మడికీ తేడా ఉంటుంది కాబట్టి ఈ అంకెల్ని తులాల లెక్కన కాక, ఏది పెద్దది, ఏది చిన్నది అని తేల్చుకోవడానికి వాడుకోవాలి.

ఆ నలుగురి ఇంటి మిగతా వెచ్చాలూ చూద్దాం. రోజుకు లీటరు పాలు. లీటరుకు 3.2 కిలోల చొప్పున నెలకు 96 కిలోలు, దాదాపు బియ్యమంత. ఆదివారం కిలో చికెన్ చొప్పున నెలకు నాలుగు కిలోలు: కిలోకు 10 వేసుకుంటే 40. నెలకొక్కసారి కిలో మటన్: అదొక్కటే 40. కందిపప్పు, పెసరపప్పు, మినప్పప్పు అన్నీ కలిపి నాలుగు కిలోలైతే కిలోకు 1.8 చొప్పున 7. అరవై కోడిగుడ్లు సుమారు మూడు కిలోల బరువు, వాటికి 14. వంటగ్యాస్ సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. అది కాలితే 42 కిలోల కార్బన్ డయాక్సైడ్. కూరగాయలు, నూనె, పంచదార పక్కనపెట్టినా మొత్తం 350 కిలోల దగ్గర తేలింది. అందులో బియ్యం, పాలు కలిసి సగానికి పైనే.

రెండు తెలుగు రాష్ట్రాల్లో పెద్దవాళ్లలో నూటికి తొంభై ఎనిమిది మంది మాంసాహారులని 2014 నాటి కేంద్ర సర్వే తేల్చింది. కాబట్టి శాకాహారం మీద ఉపన్యాసం ఇక్కడ పెద్దగా పనిచేయదు, దాని అవసరం కూడా అంతగా లేదు. కిలో మటన్ బదులు కిలో చికెన్ తెస్తే 30 కిలోలు తగ్గుతుంది. ఈ పట్టికలో ఒక్క దెబ్బకు ఇంత తగ్గే మార్పు ఇంకోటి లేదు. దసరాకు మటన్ మానమని ఎవరూ అనరు, అన్నా వినేవాళ్లు లేరు. మామూలు ఆదివారాల సంగతే ఇది.

శాకాహారులు కూడా మరీ నిశ్చింతగా ఉండనక్కర్లేదు. కిలో పనీర్‌కు అయిదారు లీటర్ల పాలు విరగ్గొట్టాలి. అయిదే వేసుకున్నా 16 కిలోలు. అంటే కిలోకు కిలో చూస్తే పనీర్ బటర్ మసాలా కన్నా కోడికూర తేలిక. పప్పు దగ్గరికొస్తే ఆ రెండూ దాని ముందు బరువే. మన దగ్గర పశువుకు పాల దిగుబడి తక్కువ కనుక లీటరు పాలకు ప్రపంచ సగటు కన్నా ఎక్కువే పడవచ్చు. మరోపక్క గేదె తినేది చాలామటుకు వరిగడ్డి, తవుడు, చెక్క. అవి మనిషి తినేవి కావు. కాబట్టి మన పాల మీద కచ్చితమైన తీర్పు చెప్పడం కష్టం.

ఒకటి మాత్రం స్పష్టంగా చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. ఆ పిల్లల పళ్లెంలో గుడ్డునో గ్లాసెడు పాలనో తగ్గించి భూమిని కాపాడమని చెప్పే హక్కు ఎవరికీ లేదు. తగ్గించుకోవాల్సింది వారానికి మూడుసార్లు బయటి నుంచి బిర్యానీ తెప్పించుకునే ఇళ్లు.

దూరం గురించి మనకున్న అభిప్రాయమూ సరిచూసుకోవాలి. దగ్గర్లో పండింది మంచిదనీ, దూరం నుంచి వచ్చింది చెడ్డదనీ అనుకుంటాం. మదనపల్లె టమాటా హైదరాబాద్ చేరాలంటే 500 కిలోమీటర్ల పైమాటే. కానీ నిండు లారీలో వస్తుంది. టన్నుకు కిలోమీటరుకు 100 గ్రాములు వేసుకుంటే కిలో టమాటా వాటాకు 50 గ్రాములే పడుతుంది. అదే టమాటా కోసం మూడు కిలోమీటర్ల దూరంలోని రైతుబజారుకు కారులో వెళ్లొస్తే 6 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే కారులో అది 900 గ్రాములు, స్కూటర్ మీదైతే 280 లోపు. లారీ 500 కిలోమీటర్లు మోసినదానికి మన కారు చివరి మూడు కిలోమీటర్లు వెళ్లిరావడానికే పద్దెనిమిది రెట్లు పొగ వదిలిందన్నమాట. ఆఫీసు నుంచి వచ్చే దారిలోనే కొనుక్కుంటే ఈ పద్దు దాదాపు సున్నా. విమానంలో వచ్చే పండ్ల సంగతి వేరు, కానీ అవి నెల సరుకుల్లో ఎంతని?

ఇక పారేసేది. ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం 2024 నివేదిక భారతీయ ఇళ్లలో మనిషికి ఏడాదికి 55 కిలోల ఆహారం వృథా అవుతోందని అంచనా వేసింది. తొక్కలు, ఎముకలు కూడా ఆ లెక్కలోనివే. 2021 నివేదికలో మన దేశపు అంచనాకు ఆధారపడ్డ కొద్దిపాటి అధ్యయనాల్లో ఒకటి ఉత్తరాంధ్రలోని రాజాంలో జరిగింది. అక్కడ తేలిన అంకె 58 కిలోలు. రాజాం మహానగరం కాదు. వృథా అంటే నగరాల జబ్బని అనుకునేవాళ్లు ఈ అంకెను గుర్తుపెట్టుకోవాలి.

మన ఇళ్లలో ఎక్కువగా మిగిలేది అన్నమే. చాలకపోతే ఎలా అని ఒక గుప్పెడు ఎక్కువ పోస్తాం. రోజుకు 100 గ్రాముల బియ్యానికి సరిపడా అన్నం పారేస్తే నెలకు 3 కిలోల బియ్యం, పదమూడున్నర కిలోల ఉద్గారం. మొదట చెప్పిన 30 ప్లాస్టిక్ సంచులకు ముప్ఫై రెట్లు. వండిన గ్యాస్ ఇందులో కలపలేదు. పారేసిన అన్నం చెత్తకుప్పలో గాలి తగలకుండా కుళ్లితే మళ్లీ మీథేన్ వస్తుంది. పల్లెలో ఇదంతా కుడితి తొట్టిలోకి పోయి గేదె పొట్ట నింపేది. అపార్ట్‌మెంట్‌లో కుడితి తొట్టి పెట్టలేం కాబట్టి పొద్దున చద్దన్నమో, పులిహోరో, అదీ కాకపోతే ఎరువు డబ్బానో దిక్కు. ప్యాకెట్ల మీద 'బెస్ట్ బిఫోర్' అని ఉండేది రుచికీ నాణ్యతకీ పెట్టిన గడువు. 'యూజ్ బై' లేదా 'ఎక్స్‌పైరీ' తేదీ దాటితే మాత్రం తినకూడదు. ఈ రెండింటినీ ఒకే గాట కట్టి పారేసే సరుకు కూడా తక్కువేం కాదు.

మళ్లీ బియ్యం దగ్గరికి రావాలి. దాని అంకె అంత పెద్దగా ఉండటానికి కారణం మిల్లూ కాదు, లారీ కూడా కాదు, మడిలో నిలిచిన నీళ్లు. నీటి కింద గాలి ఆడని బురదలో సూక్ష్మజీవులు మీథేన్ తయారుచేస్తాయి. వందేళ్ల లెక్కన కిలో మీథేన్ 27 కిలోల కార్బన్ డయాక్సైడ్ అంత వేడి పెంచుతుంది. మనుషుల పనుల వల్ల పుట్టే మీథేన్‌లో సుమారు 8 శాతం వరిమళ్ల నుంచే వస్తుంది. గోధుమకు ఈ తంటా లేదు, కిలోకు 1.6తో సరిపోతుంది. జొన్న, సజ్జ, కొర్రలకు కూడా మడి కట్టాల్సిన పనిలేదు. నెలకు 24 కిలోల్లో 6 కిలోల బియ్యం మాని రాత్రిపూట రొట్టెకు మారితే, గోధుమ లెక్కే వేసుకున్నా, 17 కిలోలు తగ్గుతుంది. జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు జొన్నరొట్టె కొత్త ఫ్యాషనేమీ కాదు. చిక్కల్లా ధర దగ్గరే. రేషన్‌లో బియ్యం ఉచితంగా వస్తుంటే కొర్రలు కొనుక్కు తినమని చెప్పడం జీతం నిలకడగా ఉన్నవాళ్లకే చెల్లుతుంది.

అన్నం మానకుండానే మీథేన్ తగ్గించే దారి పొలంలో ఉంది. మడిని ఎప్పుడూ నింపి ఉంచకుండా, తడిపి, కొంత ఆరనిచ్చి, మళ్లీ తడపడం. చిల్లులు పెట్టిన ఒక పైపు ముక్కను మడిలో దింపుతారు. లోపల నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్లు కిందికి దిగాకే మళ్లీ నీళ్లు పెడతారు. పూత దశలో మాత్రం ఆరనివ్వరు. దీంతో నీరు 30 శాతం దాకా ఆదా అవుతుంది, మీథేన్ సగం వరకు తగ్గవచ్చు. గోదావరి డెల్టాలో కాల్వ నీరు ఒకరి మడి నుంచి ఇంకొకరి మడిలోకి పారుతుంది కాబట్టి ఒక్క రైతు అనుకుంటే కుదరదు. తెలంగాణలో బోరు కింద వరికి కుదురుతుంది. కానీ అక్కడ 2018 నుంచి 24 గంటల కరెంటు ఉచితం. ఒక తడి తగ్గించినందుకు రైతుకు రూపాయి మిగలదు, పైగా నీళ్లు తీస్తే కలుపు లేస్తుంది.

రైతు మారడని అనడానికి వీల్లేదు. 2024 వానాకాలంలో సన్నరకాలకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ప్రకటించగానే తెలంగాణలో సన్నాల విస్తీర్ణం బాగా పెరిగింది. కొనుగోలు కేంద్రంలో గింజ సన్నదా, దొడ్డదా, తేమ ఎంత, తాలు ఎంత అని చూసి ధర కడతారు. ఆ వడ్లు పండటానికి ఎన్ని తడులు పట్టాయన్నది మాత్రం ఆ తూకంలోకి ఇంకా రాలేదు.