తోటలోకి తనిఖీదారుణ్ణి పిలిచే ముందు

కంప్యూటరు ప్రోగ్రాములో తప్పులు రెండు రకాలు. నడపగానే బయటపడేవి కొన్ని, నడిపినా నెలల తరబడి కనపడకుండా కూర్చునేవి కొన్ని. రెండోరకం మామిడికాయలో టెంకపురుగు లాంటిది. పైన తోలు నిగనిగలాడుతూనే ఉంటుంది. ప్రోగ్రామును నడపకుండానే, దాని పాఠాన్ని వరసవరసా చదివి "ఇదిగో, ఇక్కడ అనుమానం" అని చెప్పే సాధనాలున్నాయి. వీటినే కోడు విశ్లేషణ సాధనాలంటారు. ఇవి కొత్తవేమీ కావు. 1978లోనే బెల్ లేబొరేటరీస్‌లో స్టీఫెన్ జాన్సన్ అనే ఆయన సి భాష కోసం "లింట్" రాశారు. బట్టలకంటుకునే నూగుకి ఇంగ్లీషు పేరు అది.

ఇక కోడు ఎక్కడుంటుంది? ఒకప్పుడు రాసినవాడి యంత్రంలోనే. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ "గిట్" తయారుచేశాక, 2008లో గిట్‌హబ్ వచ్చాక, నలుగురు నాలుగు ఊళ్ళనుంచి రాసే కోడు ఇంటర్నెట్టు మీది ఒకే భాండాగారంలో చేరుతోంది. 2018లో ఆ గిట్‌హబ్‌ను 750 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించిన మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ళ మన హైదరాబాదువారే.

మేం నలుగురు మిత్రులం మామిడి కాటాచీటీల లెక్క కట్టే చిన్న ప్రోగ్రాము రాస్తున్నాం. ఎన్ని టన్నులు, తరుగు ఎంత, కమీషను ఎంత, కిరాయి పోను రైతు చేతికి ఎంత – మా నాన్న నోటుపుస్తకంలో పెన్సిలుతో వేసే లెక్కే. కానీ అందులో పదిమంది రైతుల ఫోను నెంబర్లూ, బ్యాంకు ఖాతాలూ ఉంటాయి. రైతు పేరు రాసే గడిలో ఎవడో తుంటరి పేరుకు బదులు డేటాబేసు ఆజ్ఞ రాశాడనుకోండి, జాగ్రత్త పడని కోడు దాన్ని ఆజ్ఞగానే పాటించి లెక్కలన్నీ అప్పగిస్తుంది. ఇలాంటివి పట్టడంలో విశ్లేషణ సాధనం దిట్ట.

మరి సాధనాన్ని భాండాగారానికి కలపడం ఎలా? లోపల జరిగేది ఇది. మనం కొత్త కోడు పంపగానే గిట్‌హబ్ ఆ సాధనానికి "కొత్త సరుకొచ్చింది" అని కబురు పంపుతుంది. దీన్ని వెబ్‌హుక్ అంటారు. నిజంగా గిట్‌హబ్ పంపిందా, మరొకడు పంపాడా అని తెలియడానికి ఆ కబురుకు రహస్య సంతకం జతపరచవచ్చు. సాధనం కోడు తీసుకుని చదివి, తీర్పును మనం పంపిన మార్పు పక్కనే రాస్తుంది. తీర్పు బాగుంటేనే ప్రధాన శాఖలో కలవాలని నిబంధన పెట్టుకోవచ్చు. మంచి నిబంధన అది. రాత్రి పన్నెండింటికి నిద్రమత్తులో రాసిన కోడు కలవకుండా ఆపుతుంది.

అసలు చిక్కు తాళంచెవి దగ్గరుంది. సాధనం కోడు చదవాలంటే మనం అనుమతివ్వాలి. చాలామంది సొంత టోకెను ఒకటి తీసి ఇచ్చేస్తారు. సొంత టోకెనంటే మన పేరుమీద పనిచేసే తాళంచెవి. అన్ని అధికారాలూ ఇచ్చి తీస్తే అది మన భాండాగారాలన్నిటినీ తెరుస్తుంది. తోటలో ఒక్క వరస చూడమని పిలిచినవాడికి ఇంటి తాళాలు, బీరువా తాళాలు కూడా ఇస్తామా? దానికంటే గిట్‌హబ్ యాప్ పద్ధతి మేలు. అందులో ఏ భాండాగారమో ఎంచి, చదివే అధికారం, తీర్పు రాసే అధికారం మాత్రం ఇవ్వవచ్చు. యాప్‌కు దొరికే టోకెను గంటలో చెల్లిపోతుంది. సొంత టోకెనే తప్పదనుకుంటే ఒక్క భాండాగారానికి పరిమితం చేసి, గడువు పెట్టి తీసుకోవాలి.

ఇదంతా చాదస్తమనుకునేవారు 2021 నాటి కోడ్‌కవ్ ఉదంతం వినాలి. పరీక్షలు కోడులో ఎంత భాగాన్ని తాకాయో కొలిచే సాధనం అది. జనవరి 31న దాని స్క్రిప్టులోకి చొరబడినవాళ్ళు మార్చింది ఎంతో కాదు. అయితే ఏప్రిల్ 1 దాకా, దాన్ని నడిపిన కంపెనీల యంత్రాల్లోని రహస్య తాళాలు బయటి సర్వరుకు పోతూనే వచ్చాయి. పట్టుకున్నది ఎవరు? ఒక వాడుకరి. దించుకున్న స్క్రిప్టు చెక్‌సమ్, ప్రకటించిన చెక్‌సమ్‌తో సరిపోలలేదని గమనించి చెప్పాడు. తనిఖీదారుణ్ణి తనిఖీ చేసినవాడు ఒక్కడుంటే చాలిందన్నమాట.

ఇంకో మాట. డేటాబేసు పాస్‌వర్డును కోడులోనే రాసి, తర్వాత చెరిపేస్తే పోయిందనుకోవద్దు. గిట్ పాత ప్రతులన్నీ దాచుకుంటుంది. కోడు చదవగలిగిన ప్రతి సాధనమూ ఆ పాత ప్రతులనూ చదవగలదు. అలాంటప్పుడు పాస్‌వర్డునే మార్చాలి.

ఇంత చేసినా సాధనానికి తెలియనివి ఉంటాయి. మా ప్రోగ్రాము తరుగును రెండుసార్లు తీసేసిందనుకోండి, వ్యాకరణం శుద్ధంగా ఉంది కనుక అది పచ్చజెండా ఊపుతుంది. ఆ లెక్క తప్పని దానికెలా తెలుస్తుంది? కాటా దగ్గర ఎప్పుడైనా నిలబడితేగా! అందుకే ప్రతి వారం అయిదారు చీటీలు నాన్నకిచ్చి, పెన్సిలుతో మళ్ళీ వేయిస్తున్నాం.