నిమ్మగడ్డి: మిద్దెపై పెరిగే సుగంధౌషధి

ఓషధులను పెంచుకోవాలంటే విశాలమైన పెరడు ఉండాలని చాలామంది గృహస్థుల అభిప్రాయం. హైదరాబాదు పాతబస్తీలోని మా ధూల్‌పేటలో పెరటి మాట అటుంచి, తులసికోటకే స్థలం చాలదు. ఇరుకు సందులు, వినాయక విగ్రహాల షెడ్లు, పతంగుల దుకాణాలు పోగా సామాన్య గృహస్థునికి మిగిలేది మిద్దె ఒక్కటే. ఆ మిద్దెపై ఒక్క కుండీలో, మండుటెండకు కూడ వెరవక పెరిగే ఓషధి నిమ్మగడ్డి.

అయితే నిమ్మవాసన ఉన్న ప్రతి ఆకూ నిమ్మగడ్డి కాదు. ఆకు పేరు, రూపం, గుణం మూడూ తెలిసిన పిదపనే నోట వేసుకోవాలని గురుకులంలో మాకు మొదట నేర్పారు. తెలియని ఔషధం విషతుల్యమని చరకాచార్యుని హెచ్చరిక. ఈ హెచ్చరిక నేటి మిద్దెతోటలకు మరింతగా వర్తిస్తుంది.

గుర్తించే విధానం

నిమ్మగడ్డి దుబ్బుగా పెరిగే తృణజాతి మొక్క. ఆకులు సన్నగా, పొడవుగా, అంచులు కోసుకొనేంత పదునుగా ఉంటాయి. కాండం మొదలు తెల్లగా, లేత ఆకుపచ్చగా ఉంటుంది. మొదలు ఎర్రగా ఉండి, వాసన మరీ ఘాటుగా ఉన్నది సాధారణంగా సిట్రొనెల్లా గడ్డి. దాని నూనెను దోమల నివారణకు వాడుతారు; అది తేనీటికి పనికిరాదు.

ఇటీవల కొందరు 'లెమన్ వెర్బీనా' గురించి అడుగుతున్నారు. ఇది గడ్డి కాదు, పొద. దక్షిణ అమెరికా దీని జన్మస్థానం. 18వ శతాబ్దంలో స్పెయిన్ దేశీయులు దీనిని ఐరోపాకు చేర్చారు. నిమ్మగడ్డిలోని నిమ్మవాసనకు కారణమైన 'సిట్రాల్' అనే పదార్థమే దీనిలోనూ ఉన్నది. మంచి సుగంధపత్రమే కాని, మన ప్రాచీన గ్రంథాలలో దీని ప్రసక్తి లేదు. కనుక నిమ్మగడ్డి గుణాలను దీనికి అంటగట్టడం ఉచితం కాదు.

ఇక్కడ ఒక ప్రమాదం కూడ ఉన్నది. కంచెల్లో రంగురంగుల పూలగుత్తులతో కనిపించే లాంటానా ఈ వెర్బీనా కుటుంబానికి చెందినదే. దాని ఆకు నలిపినా ఘాటైన వాసన వస్తుంది. ఆ ఆకులు మేసిన పశువులకు కాలేయం చెడి కామెర్లు వస్తాయి. వెర్బీనాకు సాధారణంగా కణుపుకు మూడేసి ఆకులు, తెల్లని సన్నని పూలు ఉంటాయి. లాంటానాకు ఎదురెదురుగా రెండేసి ఆకులు ఉంటాయి. ఏ మాత్రం సందేహం ఉన్నా ఆ ఆకును వాడరాదు.

గుణధర్మములు

చరకసంహితలోని హరితవర్గంలో చెప్పిన 'భూస్తృణం' ఈ నిమ్మగడ్డియేనని పలువురు వైద్యుల అభిప్రాయం. ఇది కటురసం, రూక్షగుణం, ఉష్ణవీర్యం కలది. నోటిని శుద్ధి చేస్తుంది. వాసన నిమ్మది కదా, చలువ చేస్తుందని భావించి నడివేసవిలో లోటాల కొద్దీ త్రాగేవారిని నేను చూస్తుంటాను. వాసనను బట్టి వీర్యాన్ని నిర్ణయించరాదు. ఇది కఫ వాతములను తగ్గించి, పిత్తమును పెంచే ద్రవ్యం. వర్షాకాలం, చలికాలం దీనికి తగిన ఋతువులు.

పెంచే విధానం

పన్నెండు అంగుళాల కుండీకి అడుగున రంధ్రాలు ఉండవలెను. విగ్రహాలకు వాడగా మిగిలిన రంగుల డబ్బాలు మా పేటలో సులభంగా దొరుకుతాయి. తినే మొక్కలకు వాటిని ఎన్నడూ వాడరాదు. విగ్రహాల బంకమట్టి కూడ నీటిని పట్టి ఉంచి వేరును కుళ్లిస్తుంది. ఎర్రమట్టి రెండు పాళ్లు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు కలిపి నింపవలెను.

వేరుతో ఉన్న పిలకను తెచ్చి, ఆకులను జానెడు మేరకు కత్తిరించి, మొదలు రెండు అంగుళాలు మట్టిలో ఉండేలా నాటవలెను. వేసవిలో ప్రతిదినం, వానాకాలంలో పైమట్టి ఆరినప్పుడే నీరు పోయవలెను. మూడు నాలుగు మాసములకు ఆకు కోతకు వస్తుంది. మొదలుకు నాలుగు అంగుళాలు విడిచి కోస్తే మరల చిగురిస్తుంది. రెండు మూడేళ్లకు దుబ్బును విడదీసి కొత్త మట్టిలో నాటవలెను. సంక్రాంతికి మిద్దెలన్నీ పతంగుల సందడితో నిండిపోతాయి కనుక, ఆ రోజులలో కుండీలను గోడవారకు జరపండి.

కుండీ ఉన్నంత మాత్రాన దోమలు పారిపోవు. పైగా క్రింది పళ్లెంలో నీరు నిలిస్తే డెంగీ దోమ అక్కడే గ్రుడ్లు పెడుతుంది. రెండు మూడు రోజులకొకసారి పళ్లెం ఒంపి, తోమి ఆరబెట్టవలెను.

సేవించే విధానం

దీనిని కషాయంగా మరిగించరాదు, ఫాంటంగా చేయవలెను. మరిగితే సుగంధతైలం ఆవిరితో పోతుంది. మూడు ఆకులను బాగా కడిగి, ముక్కలు చేసి, చిన్న అల్లం ముక్కను నలిపి చేర్చి, గ్లాసెడు మరిగిన నీటిలో వేసి మూతపెట్టవలెను. పది నిమిషాల పిదప పలుచని గుడ్డతో వడగట్టి త్రాగవలెను. తేనె కావలసినవారు గోరువెచ్చగా అయిన పిదపనే కలుపుకోవలెను. జలుబు, కడుపుబ్బరం, భోజనానంతరం బరువు ఉన్నప్పుడు దినమునకు ఒక గ్లాసు చాలును.

గర్భిణులు, పసిపిల్లలు, అమ్లపిత్తం, కడుపులో పుండు ఉన్నవారు దీనిని వాడరాదు. అంగడిలో దొరికే నిమ్మగడ్డి నూనెను లోనికి పుచ్చుకోరాదు. వానాకాలంలో జ్వరం రెండు దినములకు మించితే, ఫాంటంతో కాలయాపన చేయక రక్తపరీక్ష చేయించుకోండి. ఇంటి ఓషధి చిన్న బాధలకు మాత్రమే; పెద్ద వ్యాధికి వైద్యుని వద్దకు వెళ్లడంలో ఆలస్యం కూడదు.