కలము: భాగదోషములు



తాటియాకులపై గంటముతో వ్రాసిన కాలమున వ్రాతపనిముట్టునకు భాగములు లేవు. గంటము ఒకే యినుపకడ్డి. మొన మొద్దుపోయినచో రాతిపై నూరెడివారు. వంగినచో కమ్మరి కొలిమికి పంపెడివారు. తరువాత వచ్చిన రెల్లుకలమును ఒకే వస్తువు. పుల్లకు ఉక్కుపాళీ తొడిగి సిరాబుడ్డిలో ముంచి వ్రాయు కలము బడులలోనికి వచ్చినప్పుడు భాగములు రెండయ్యెను. సిరాను తన కడుపులోనే దాచుకొను ఫౌంటెన్ పెన్ను వచ్చినపిమ్మట అవి ఆరయ్యెను: పాళీ, పాళీక్రింద నుండి సిరాను మొనకు తెచ్చు గాళ్లుగల నల్లని బద్ద, దీనినే ఫీడు అందురు, ఆ రెంటిని బిగించి పట్టు మెడ, సిరా నిలుచు గొట్టము, మూత, జేబునకు తగిలించు క్లిప్పు. భాగములు పెరిగినకొలది దోషము దాగుటకు చోట్లును పెరిగెను.

కలము సరిగా వ్రాయనప్పుడు మనము చేయుచున్నది రెండు విధములు. కొందరు కలమునే పారవేయుదురు. కొందరు దానిని చేసిన పనివానిని తిట్టుదురు. ఈ రెండును విచారణ లేని తీర్పులు. ఆరింటిలో నొకటి తప్పుచేసినచో తక్కిన అయిదింటికి శిక్ష యేల? దోషి యెవడో తేల్చు ఉపాయమును నేడు మీకు విన్నవింతును.

మనకు చేరువలోనే, గోదావరి గట్టున, రాజమహేంద్రవరమున ఈ విద్యకు పెద్ద చరిత్ర కలదు. కోసూరి వెంకటరత్నముగారు అచ్చట 1932లో కలముల పనిని స్థాపించిరి. గాంధీమహాత్ముడు స్వదేశమున తయారైన వస్తువు నేదైన సామాన్యులకుపయోగపడునట్లు చేయుమని వారికి 1921లో సలహా యిచ్చెనని చెప్పుదురు. మొదట చేసిన కలమునందు కొన్ని భాగములు పరదేశపువి యగుటచే దానిని స్వదేశీ యనుటకు వీలులేకపోయెనట. పిమ్మట అన్ని భాగములను ఇచ్చటనే తయారుచేసి, గ్రామపరిశ్రమల కార్యకర్తయగు కుమారప్పగారి ద్వారా పంపగా, మహాత్ముడు 1935 జూలై 16వ తేదీన మెచ్చుకొనుచు లేఖ వ్రాసెను. ఈ కథను మనవారు దేశభక్తికి ఉదాహరణముగా చెప్పుదురు, అది నిజమే. కాని దీనిలో పనివాడు నేర్చుకొనదగినది వేరొకటి కలదు. కలపు ఒడలు ఎంత నునుపుగా తరిమెన పట్టినను, దాని యోగ్యతను నిర్ణయించునది గోరంత పాళీయే. వస్తువు విలువ దాని మిక్కిలి చిన్న భాగముచేత తూగును.

ఆ కలముల ఒడలు ఎబొనైటు. రబ్బరునందు గంధకమును హెచ్చుగా కలిపి వేడిచేయగా గట్టిపడి కొమ్మువలె నగు పదార్థమిది. తరిమెనపై చక్కగా కోతపడును. చేతికి లోహమువలె చల్లగా తగులదు. చాలకాలము ఎండతగిలినచో నలుపు విరిగి గోధుమరంగునకు తిరుగును, గంధకపు వాసన వేయును. దానిని చూచి కలము చెడెనని భయపడ నక్కరలేదు. అది పైమెరుగు పోవుటయే.

ఇక తరిమెన పనిని వృత్తిగా కాక వినోదముగా చేయువారును నేడు కలరు. అమెరికా, ఇంగ్లండు దేశములలో ఈ వ్యాసంగము మెండు. వారికొరకు అంగళ్లవారు భాగముల పొట్లములను అమ్ముదురు. వీనిని కిట్టు లందురు. పెక్కింటిని తైవాను, చైనా దేశములలో చేయుదురు. ఇందు మిక్కిలి వాడుకైన బాల్ పెన్ను కిట్టునందు రెండు ఇత్తడి గొట్టములు, ఒక మొన, త్రిప్పినప్పుడు రీఫిల్లును వెలికి పంపు మర, నడుమ ఉంగరము, క్లిప్పు, పైబిళ్ల, రీఫిల్లు ఉండును. కొయ్యను రెండు తునుకలుగా కోసి, నడుమ ఏడు మిల్లీమీటర్ల రంధ్రము తొలిచి, గొట్టములను జిగురుతో అంటించి, తరిమెనపై గుండ్రముగా చెక్కి, మెరుగుపెట్టి, తుదకు భాగములను ఒకదానిలో నొకటి అదిమి బిగింతురు. మరమేకులు లేవు; బిగువే ఆధారము.

మా గ్రామమునందలి యొక పెద్దమనిషి మనుమడు విదేశమునుండి వచ్చుచు ఇట్టి కిట్టులను నాలుగు తెచ్చెను. మన కోనసీమలో ముదురు కొబ్బరిచెట్టు మొదలినుండి వెలిభాగపు కొయ్యను తీసికొని చెక్కుట ప్రారంభించెను. కొబ్బరికొయ్య తక్కిన కొయ్యలవలె కాదు. వెలుపల ఇనుమువంటి నల్లని నారలు, లోపలికి పోయినకొలది బెండు. ఉలి పదునుగా లేనిచో నారలు లేచిపోవును. పలుచని జిగురు పోసి తాగించిన పిమ్మటగాని నునుపు రాదు. ఆ పిల్లవాడు ఓర్పుతో మూడుదినములు పనిచేసి, అందమైన కలము చేసి, చివర మరను అదిమి త్రిప్పి చూచెను. రీఫిల్లు వెలికి వచ్చునుగాని నిలువదు. వ్రాయ నానగనే లోనికి జారిపోవును. మర లోపల జారుచుండెను. మూడుదినముల శ్రమయు ఆ పావలా యెత్తు మరయందు చిక్కుకొనెను. వస్తువు నమ్మినవాడు వేరొక మరను పంపుటకు ఒప్పుకొనెను. కాని బిగించిన మరను కొయ్య పగులకుండ వెలికి తీయుట యెట్లు?

కావున మొదటి నియమము: జిగురు ముట్టకమునుపే భాగములను పరీక్షింపవలెను. మరలోనికి రీఫిల్లు చొప్పించి, చేతితో పదిసార్లు త్రిప్పి, మొనను బల్లపై నొక్కి చూడవలెను. రీఫిల్లుతో కాగితముపై నాలుగు గీతలు గీయవలెను. ఇత్తడి గొట్టపు అంచున ముళ్లుండిన చిన్న ఆకురాయితో తీసివేయవలెను. భాగపు మెడను గొట్టపు నోటికి ఆనించినప్పుడు కొంచెము పట్టి ఆగవలెను. అనాయాసముగా జారిపోయినను, బొత్తిగా చొరకున్నను కొలత తప్పినదని గ్రహింపవలెను. పూతయందు గీతలుండిన ఎండవెలుతురున నిలిపిన కనబడును. ఇదంతయు పది నిమిషముల పని. పెండ్లిచూపులు పెండ్లికి ముందుగదా!

బిగించిన తరువాత దోషము బయటపడినచో ఆశ వదలుకొననక్కరలేదు. గొట్టమునకు రెండవ కొననుండి, లోపల సరిపోవు సన్నని లోహపుకడ్డి నుంచి, మెల్లగా తట్టినచో భాగము వెలికి వచ్చును. తట్టునప్పుడు కొయ్యను గుడ్డచుట్టి మెత్తగా పట్టుకొనవలెను. పైన చెప్పిన కలమును ఇట్లే విప్పిరి. క్రొత్త మర వచ్చినపిమ్మట బిగించిరి. ఉంగరముపై ఒక చిన్న గీత మాత్రము పడినది.

ఇచ్చట న్యాయముగా ఒకమాట చెప్పవలెను. కొయ్య పగిలినప్పుడెల్ల కిట్టు చెడ్డదనుట తగదు. గొట్టములోనికి జిగురు చొరబడి గట్టిపడియుండవచ్చును. కొయ్య కొనను ఇత్తడి అంచునకు సమముగా కోయకయుండవచ్చును. అప్పుడు అదిమిన భాగము ప్రక్కకు ఒరిగి కొయ్యను చీల్చును. మొన వెలికి రాకున్న మరను చాలినంత లోతునకు అదుమలేదన్నమాట. లోనికి పోకున్న మితిమీరి అదిమితిమన్నమాట. ఆడలేక మద్దెల ఓడన్నట్లు ఈ తప్పులను అమ్మినవానిపై వేసి వస్తువును త్రిప్పిపంపువారు కలరు. వారివలన నిజముగా మోసపోయినవాని మాటయు నమ్మరానిదగును.

ఫౌంటెన్ పెన్ను విషయమున దోషపరీక్ష ఇంకను సూక్ష్మము. ఏలయనగా అచ్చట పనిచేయునది మర కాదు, సిరా. సన్నని చీలికలో ద్రవము తనంతట ప్రాకు గుణముచేత సిరా ఫీడు గాళ్లవెంట పాళీ చీలికలోనికి వచ్చును. వెలికి పోయిన సిరాకు బదులుగా గాలి లోనికి పోవలెను. ఈ రాకపోకలలో ఏది నిలిచినను వ్రాత నిలుచును. అమెరికాలో వాటర్మన్ అనునతడు 1884లో హక్కుపత్రము పొందిన ఫీడు ఈ రాకపోకలను క్రమపరచుటకే.

దోషి పాళీయా, ఫీడా? తర్కసంగ్రహము చదివినవారికి పొగ నిప్పుల ఉదాహరణము తెలిసినదే. పొగ యున్నచోట నిప్పుండును, వంటయింటియందువలె, ఇది అన్వయము. నిప్పు లేనిచోట పొగయు లేదు, చెరువునందువలె, ఇది వ్యతిరేకము. అన్నంభట్టు శిష్యులకు చెప్పిన ఈ యుపాయము కలమునకును చక్కగా సరిపోవును. అనుమానముగల పాళీని తీసి, అదే కొలతగల మంచి కలమునందు పెట్టుడు. చెడ్డవ్రాత దానివెంట పోయినదా? ఇది అన్వయము. మంచి పాళీని చెడ్డకలమున పెట్టుడు. చెడ్డవ్రాత పోయినదా? ఇది వ్యతిరేకము. రెండును కుదిరినప్పుడే పాళీ దోషి. ఒక్కపరీక్షతో తీర్పు చెప్పరాదు. ఒకేసారి రెండు భాగములను మార్చుటయు కూడదు. మార్చినచో కలము వ్రాయును గాని, ఏది మార్చుటవలన బాగుపడెనో ఎన్నటికిని తెలియదు.

ఒక్కొక్కప్పుడు విచిత్రము జరుగును. పాళీ వేరుకలమున చక్కగా వ్రాయును. ఫీడు వేరుపాళీతో చక్కగా సిరా నిచ్చును. రెండును కలిసిన మాత్రము కలహము. అప్పుడు దోషము భాగములందు లేదు, వాని సంబంధమునందు ఉన్నది. పాళీకిని ఫీడునకును నడుమ వెలితి యుండి సిరా త్రోవ తెగినదన్నమాట. ఎబొనైటు ఫీడు అయినచో దీనికి చికిత్స సులువు. బాగుగా కాగిన నీటియందు కొంచెముసేపుంచిన అది మెత్తబడును; అప్పుడు పాళీకి ఆనించి గుడ్డతో అదిమి పట్టి చల్లారనిచ్చిన కుదురుకొనును. ప్లాస్టిక్ ఫీడునకు ఈ చికిత్స చేయరాదు. కలపు ఒడలిని వేడినీట ముంచనే రాదు; మెరుగు పోవును.

పాళీని భూతద్దముతో ఎదురుగా చూచినచో రెండు పెదవులును సమముగా నుండవలెను. ఒకటి పైకి లేచినచో కాగితమును గీరును. లేచినదానిని గోటితో మెల్లగా క్రిందికి నొక్కి సమము చేయవచ్చును. చీలిక శుభ్రపరచుటకు క్షౌరపు బ్లేడును దూర్చు దురభ్యాసము మా బడిపిల్లలలో ఎన్ని పాళీలను బలిగొన్నదో లెక్కలేదు. నేలపై రుద్దుట అంతకంటె ఘోరము. మంచి పాళీ మొనయందు కరకైన లోహపు గింజ అతికియుండును. అది అరిగినపిమ్మట మిగిలినది రేకుముక్క. ఇట్టి పాళీని బాగుచేయ యత్నింపక మార్చుటయే మేలు. నేటి మనదేశపు చేతి కలములలో కొన్నింటికి జర్మనీ పాళీలు తొడుగుచున్నారు, స్వదేశీ కథ తెలిసినవారికి కొంచెము వింతగా తోచును గాని, వ్రాయువాని చేతికి పాళీ యే దేశపుదో అక్కరలేదు.

సిరా బొట్లుగా రాలుట అన్నిటికంటె హెచ్చుగా వినబడు ఫిర్యాదు. ఇందు భాగదోషము తక్కువ. గొట్టములోనే సిరా పోసికొను కలమున సిరా నాలుగవవంతునకు దిగినపుడు తక్కినదంతయు గాలి. చేతివేడికి ఆ గాలి వ్యాకోచించి సిరాను వెలికి త్రోయును. మన వేసవిలో ఇది మరింత. సిరా నిండుగా పోయుటయే మందు. మెడ బిగించు మరచుట్లనుండి సిరా ఊరుచున్నచో, ఆ చుట్లకు సిలికాన్ గ్రీజును గోటి అంచున అంటినంత పూయవలెను. కొబ్బరినూనె ఇంట సమృద్ధిగా నున్నదని అది రాయవలదు. అది ఫీడునకు ప్రాకినచో సిరా దానిని అంటదు. కలము వ్రాసినచోట వ్రాసి, విడిచినచోట విడుచును. నూనె తగిలిన ఫీడును సబ్బుచుక్క వేసిన గోరువెచ్చని నీట కడిగి, మరల మంచినీట కడిగి, ఆరబెట్టవలెను. పాతకలము పెట్టెలో మిగిలియున్నవారును ముందు ఇదియే చేయుదురుగాక. 1984లో కరణీకములు రద్దయిన తరువాత మూతపడిన కలములు మన యిండ్ల అటకలపై ఎన్నియో యుండును. వానిలో ఎండిన సిరాయే తప్ప వేరు దోషము లేనివి పెక్కు. ఒకరాత్రి నీట నానవేసి, మరునాడు నీరు మార్చి, నీరు తేరువరకు ఓపికపట్టవలెను.

చెడినది నిజముగా భాగమే యని తేలినపిమ్మట అమ్మినవానికి వ్రాయువిధము: కిట్టు పేరును, పొట్లముపై సంఖ్యయు, కొన్నతేదీయు, ఏ భాగమో, ఏ పరీక్ష చేయగా ఏమి కనబడెనో నాలుగు వాక్యములలో వ్రాయవలెను. కోపము వ్రాయవలదు. చెడిన భాగపు ఛాయాచిత్రము జతపరచిన చాలును. అది వచ్చువరకు మిగిలిన భాగములను ఒక అగ్గిపెట్టెలో వేసి, ఏ కలపువో పైన వ్రాసి యుంచుడు; రెండు కిట్టుల భాగములు కలిసిపోయినచో ఉంగరములు ఒకేతీరున కనబడి వెండ్రుకవాసి తేడాతో మోసగించును.