వార్తల్లో పదం: మహిళా ఆరోగ్య సమితి

వానాకాలం రాగానే డెంగీ, డయేరియా వార్తలతో పాటు ఈ పేరూ పత్రికల్లో కనిపిస్తుంది. పట్టణంలోని పేదల వాడల్లో, 50 నుంచి 100 ఇళ్లకు ఒకటి చొప్పున, స్థానిక మహిళలతో ఏర్పడే బృందమే మహిళా ఆరోగ్య సమితి. 2013లో మొదలైన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ దీనికి రూపమిచ్చింది.

సభ్యులు తమలో ఒకరిని అధ్యక్షురాలిగా ఎన్నుకుంటారు. ఆశా కార్యకర్త కార్యదర్శిగా ఉంటారు. నెలనెలా కూర్చుని వాడలో ఎవరికి జ్వరం వచ్చింది, ఏ బిడ్డకు టీకా తప్పింది, ఏ గర్భిణి పరీక్షలకు వెళ్లలేదు, కుళాయి నీరు ఎక్కడ రంగు మారింది అని చర్చిస్తారు. ఏటా 5,000 రూపాయల వరకు వచ్చే నిధిని పారిశుద్ధ్యం, అవగాహన, అత్యవసర ప్రయాణం వంటి అవసరాలకు వాడవచ్చు. వైద్యం చేయడం సమితి పని కాదు; వాడనూ పట్టణ ఆరోగ్య కేంద్రాన్నీ మున్సిపాలిటీనీ అంగన్‌వాడీనీ కలపడమే దాని బాధ్యత.

ఈ బాధ్యత ఎందుకు ముఖ్యమో డెల్టా పట్టణాల్లో తెలుస్తుంది. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ డెల్టాలోని మున్సిపాలిటీలే. పల్లపు వీధుల్లో నీరు నిలిస్తే దోమలు పెరుగుతాయి. పైపు పగిలితే మురుగు మంచినీటిలో కలుస్తుంది. ఈ సంగతి ముందుగా తెలిసేది ఆ వీధి ఆడవాళ్లకే. వారి మాట ఆరోగ్య కేంద్రానికి త్వరగా చేరితే జబ్బు వాడంతా పాకకముందే ఆపవచ్చు. చుట్టుపక్కల పల్లెల్లో ఇదే పనికి గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీలు ఉన్నాయి. మీ వాడ సమితి వివరాలు ఆశా కార్యకర్తను అడిగి తెలుసుకోవచ్చు.