తెర మీద పరీక్ష, తెర వెనుక కులం

కంప్యూటర్‌కు కులం తెలియదని అంటారు. జవాబుపత్రం మీద పేరు చూసి మార్కులు తగ్గించే కన్ను అక్కడ లేదు కాబట్టి ఇంతకంటే నిష్పాక్షికమైన పరీక్ష మరొకటి ఉండదన్నది వాదన. రెండు తెలుగు రాష్ట్రాల్లో నాటి ఎంసెట్, నేటి ఈఏపీసెట్, 2018 నాటికి కంప్యూటర్ మీదికి మారింది. మరుసటి ఏడాది నుంచి జేఈఈ మెయిన్ ఇంజనీరింగ్ పేపరు నిర్వహణ జాతీయ పరీక్షల సంస్థ చేతికి వెళ్లి, పూర్తిగా తెర మీదే జరుగుతోంది. ఈ ఏళ్లలో మొదటి సంవత్సరం తరగతులకు వచ్చిన దళిత, ఆదివాసీ, బీసీ విద్యార్థులతో మాట్లాడుతూ వచ్చిన నాకు ఆ వాదనలో సగమే నిజం కనిపిస్తుంది. యంత్రానికి కులం తెలియకపోవచ్చు. యంత్రం ముందు ఎవరు ఎన్ని గంటలు కూర్చోగలిగారన్నది మాత్రం కులం, ఊరు, ఆస్తి కలిసి నిర్ణయిస్తున్నాయి.

ఎంసెట్ తెర మీదికి మారిన కాలంలోనే, 2017-18లో, జాతీయ నమూనా సర్వే 75వ విడత జరిగింది. దేశంలో పట్టణ కుటుంబాల్లో 23.4 శాతానికి, గ్రామీణ కుటుంబాల్లో 4.4 శాతానికి మాత్రమే ఇంట్లో కంప్యూటర్ ఉందని అది తేల్చింది. ఆ తరువాత చరవాణులు ఇంటింటికీ చేరాయి, నిజమే. కానీ వేలితో తెరను జరపడం వచ్చిన పిల్లవాడికి మౌస్ వచ్చినట్టు కాదు.

ఇంజనీరింగ్ ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు. ఒక్కో ప్రశ్నకు 67 సెకన్లు. ఈ సెకన్లు ఎక్కడ కరిగిపోతాయో పిల్లలను అడిగితే తెలుస్తుంది. పొడవైన ప్రశ్నను కిందికి జరిపి చదవడం, తెర మీది అంకెలను చిత్తు కాగితం మీదికి ఎక్కించుకోవడంలో తడబడటం, రంగురంగుల ప్రశ్న సంఖ్యల పట్టికలో దారి తప్పడం. జేఈఈ మెయిన్‌లో జవాబు గుర్తించి ‘సేవ్ అండ్ నెక్స్ట్’ నొక్కకుండా పట్టికలోని మరో సంఖ్య మీద నొక్కితే ఆ జవాబు నమోదు కాదు. సూచనల్లో ఈ మాట ఉంటుంది. వారం వారం తెర మీదే పరీక్షలు రాయించే కార్పొరేట్ కళాశాల విద్యార్థికి అది చేతికి అలవాటైన విషయం. సంక్షేమ వసతిగృహం నుంచి వచ్చి ఆ రోజే మౌస్ పట్టుకున్న విద్యార్థికి అది సూచనల్లో ఒక వాక్యం. భౌతికశాస్త్రం ఇద్దరికీ సమానంగా వచ్చినా ర్యాంకులు సమానంగా రావు.

రిజర్వేషన్ ఉంది కదా అని కొందరంటారు. రిజర్వేషన్ సీటుకు తలుపు తీస్తుంది. ఏ కళాశాలలో, ఏ శాఖలో అన్నది ర్యాంకే తేలుస్తుంది. ఆ కోటా లోపల కూడా నగరంలో చదివిన ఉద్యోగి బిడ్డకూ, ఉట్నూరు వైపు గూడెం నుంచి వచ్చిన కూలీ బిడ్డకూ మధ్య ఇదే దూరం ఉంది.

తల్లిదండ్రుల విషయంలో నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది దరఖాస్తు. చాలా కుటుంబాలు దాన్ని నెట్ సెంటర్ వానికి అప్పగిస్తాయి. అతడు తన ఫోన్ నంబరో, తన ఈమెయిలో ఇచ్చి పని కానిస్తాడు. కౌన్సెలింగ్ నాటికి ఓటీపీ ఆ నంబరుకు వెళ్తుంది, పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు, వెబ్ ఆప్షన్లు కూడా అతడే తనకు తోచిన వరుసలో పెడతాడు. మంచి ర్యాంకు వచ్చి దూరపు కళాశాలలో ఇష్టం లేని శాఖలో చేరినవారిని నేను చూశాను. ఇంట్లో ఉండే నంబరే ఇవ్వమని, కుల ధ్రువీకరణ పత్రం ముందే తీసుకోమని చెప్పడానికి డిగ్రీలు అక్కర్లేదు. ఒక అధ్యాపకుడు ఒక సాయంత్రం కేటాయిస్తే చాలు. అప్పుడే మరొకటి కూడా చెప్పవచ్చు: వేర్వేరు పూటల ప్రశ్నపత్రాలు వేర్వేరు కాబట్టి మార్కులను సాధారణీకరిస్తారు, పక్కింటి పిల్లవాడి మార్కులతో పోల్చుకుని కుంగిపోనక్కర్లేదు.

నమూనా పరీక్షలు అధికారిక వెబ్‌సైట్లలో ఉచితంగానే ఉన్నాయి. జాతీయ పరీక్షల సంస్థ 2020లో ‘అభ్యాస్’ అనే యాప్ కూడా తెచ్చింది. అయితే కావలసింది ఫోన్‌లో ప్రశ్నలు కాదు. బల్ల మీద మానిటర్, చేతిలో మౌస్, కదలకుండా మూడు గంటలు. అలా నాలుగైదు సార్లు కూర్చుంటే బెరుకు పోతుందని నా అనుభవం. ఉపాధ్యాయులు కాగితం మీద పది పరీక్షలు పెట్టినా ఆ లోటు తీరదు.

ఇక్కడే మన వ్యవస్థ వింతగా నడుస్తుంది. ఇంటర్ పరీక్షలు మార్చిలో ముగుస్తాయి. ఈఏపీసెట్ సాధారణంగా మేలో. కార్పొరేట్ కళాశాలలు ఈ నడుమ వారాల్లోనే రాత్రింబగళ్లు సాధన చేయిస్తాయి. మన వసతిగృహాలు సరిగ్గా అప్పుడే వేసవి సెలవులకు మూతపడతాయి. పిల్లలు ఊళ్లకు వెళ్లి మిరపకోతకో, ఉపాధి హామీ పనికో తల్లి వెంట నడుస్తారు. కొన్నిచోట్ల ఉచిత శిక్షణ శిబిరాలు నడుస్తున్నాయి గానీ, అవి ఎంపికైన కొద్దిమందికే.

పరీక్షలు జరిగేది ఎక్కువగా ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలల ప్రయోగశాలల్లో. వాటిలో చాలా కళాశాలలు ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద నడుస్తున్నవే. ఏప్రిల్ ఆదివారాలు ఆ యంత్రాలు ఖాళీగా ఉంటాయి. వసతిగృహాలను పరీక్ష దాకా తెరిచి ఉంచి, ఆ నాలుగు ఆదివారాలు ప్రయోగశాలలను విద్యార్థులకు ఇప్పించడానికి కొత్త చట్టం అవసరం లేదు. వార్డెన్‌కు నెలన్నర భోజన ఖర్చు, ఒక బస్సు, జిల్లా కలెక్టర్ సంతకం కావాలి. వచ్చే ఏప్రిల్‌కు ఆ సంతకం కావాలంటే దస్త్రం ఈ డిసెంబరులోనే కదలాలి.