టెంకాయల దిబ్బ మీద అయిదు మూలల ముగ్గు

మా మనవరాలు బుజ్జి సెలవులకి యానాం నుంచి వచ్చీ రాగానే బోర్డు మీద ఊరి పేరు చదివి పకపకా నవ్వింది. "తాతయ్యా, టెంకాయని ఎవరు తిట్టారు?" అని. పేరు తేంగాయితిట్టు మరి! తమిళంలో తేంగాయ్ అంటే మన టెంకాయ. తిట్టు అంటే మెరక, దిబ్బ. టెంకాయల దిబ్బ అన్నమాట. పుదుచ్చేరి పట్నానికి ఆనుకుని, ఒకవైపు చేపల రేవు, ఒకవైపు మడచెట్లు. ఇక్కడ తెల్లవారితే ఇంటింటి ముందూ చుక్కల ముగ్గులే. పక్కింటావిడ వేస్తే కోలం, మా ఆవిడ వేస్తే ముగ్గు. పిండి మాత్రం ఒకటే.

ఆ ముగ్గు దగ్గరే మా కబుర్లు మొదలయ్యాయి. మా ఆవిడ వరసగా చుక్కలు పెట్టి, నలుపలకల ముగ్గు ఒకటి, ఆరు రేకుల ముగ్గు ఒకటి వేసింది. వాకిలంతా ఎంత దూరమైనా పెంచుకుంటూ పోవచ్చు. బుజ్జికి మాత్రం అయిదు మూలలదే కావాలిట. అదీ సందు లేకుండా వాకిలంతా నిండాలిట. ఎంత తంటాలు పడినా కుదరక పిండి గిన్నె పక్కన పడేసి నా దగ్గరికొచ్చింది.

పాత శుభలేఖలు తీసి, అయిదు భుజాలూ, అయిదు మూలలూ సమానంగా ఉండేలా నాలుగు అట్టముక్కలు కత్తిరించి ఇచ్చాను. మూడింటిని ఒక మూల దగ్గర కలిపింది. సన్నటి సందు మిగిలింది. నాలుగోది పెడదామంటే పట్టదు. లెక్క తేలికే. ఒక్కో మూల 108 డిగ్రీలు, మూడు కలిపితే 324. చుట్టూ నిండాలంటే 360 కావాలి. 36 తక్కువ. చదరాలైతే నాలుగు తొంభైలు, ఆరు పలకలవైతే మూడు నూట ఇరవైలు, ముక్కోణాలైతే ఆరు అరవైలు. అన్నీ సరిగ్గా సరిపోతాయి. నేల మీద బండలు పరిచే మేస్త్రికి ఈ సంగతి పుస్తకం చదవకుండానే తెలుసు.

ఉప్పురవ్వలోనూ పటికబెల్లంలోనూ పరమాణువులు చేసేది ఈ బండలు పరిచే పనే. ఒక అమరిక తీసుకుని, అటూ ఇటూ పైకీ కిందికీ అదే మళ్ళీ మళ్ళీ పేరుస్తాయి. దాన్నే స్ఫటికం అంటాం. బొమ్మని ఒక చుట్టు తిప్పేలోపు అది ఎన్నిసార్లు అచ్చం అలాగే కనబడితే అన్ని రెట్ల సౌష్ఠవం. మళ్ళీ మళ్ళీ అదే పేర్చాలంటే రెండు, మూడు, నాలుగు, ఆరు రెట్ల సౌష్ఠవాలే కుదురుతాయి, అయిదుకీ పదికీ చోటు లేదు. ఇది స్ఫటికశాస్త్రంలో శిలాశాసనం లాంటి మాట.

1982 ఏప్రిల్ 8న ఆ శాసనానికి బీట పడింది. డాన్ షెక్ట్‌మన్ అనే ఇజ్రాయెల్ శాస్త్రవేత్త అప్పుడు అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో పనిచేస్తున్నాడు. అల్యూమినియంలో 14 శాతం మాంగనీసు కలిపి కరిగించి, గిరగిరా తిరిగే చక్రం మీద చిమ్మి, సెకనుకి పదిలక్షల డిగ్రీల లెక్కన చల్లార్చిన లోహపు రేకు ఒకటి ఆయన దగ్గరుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పెట్టి చూస్తే నడుమ ఒక చుక్క, దాని చుట్టూ పది చుక్కలు, వాటి చుట్టూ మళ్ళీ పది. అచ్చం ముగ్గే! నోటు పుస్తకంలో పది రెట్లు అని రాసుకుని పక్కన మూడు ప్రశ్నార్థకాలు పెట్టుకున్నాడు. పై అధికారి ఆయన చేతికి పాఠ్యపుస్తకం ఇచ్చి చదువుకోమన్నాడు, తర్వాత బృందంలోంచి తప్పుకోమన్నాడు. వ్యాసం అచ్చు కావడానికి 1984 నవంబరు దాకా పట్టింది. లైనస్ పౌలింగ్ అంతటివాడు, రెండు నోబెళ్ళ మనిషి, 1994లో పోయేదాకా ఒప్పుకోనే లేదు. షెక్ట్‌మన్‌కి 2011లో రసాయన నోబెల్ వచ్చింది. అప్పటికే స్ఫటికం అన్న మాటకి నిర్వచనమే మార్చి రాసుకున్నారు. ఈ కొత్త పదార్థాలకి క్వాసీక్రిస్టల్స్ అని పేరు.

"అయిదు కుదరదని ఇప్పుడేగా చెప్పావు?" అంది బుజ్జి. మళ్ళీ మళ్ళీ అదే పేర్చడం కుదరదన్నాను గానీ, క్రమం కుదరదనలేదు. ఈ రెండూ ఒకటే అనుకున్నందుకే ఇంత రభస.

తేడా ఏమిటో తెలియాలంటే మన ఛందస్సుని పిలవాలి. ఒక గురువు రాయి. ఇక ఒకటే నియమం. గురువు ఉన్నచోట గురువు, లఘువు రాయాలి. లఘువు ఉన్నచోట గురువు రాయాలి. మొదట గురువు. తర్వాత గురువు, లఘువు. తర్వాత గురువు, లఘువు, గురువు. తర్వాత గురువు, లఘువు, గురువు, గురువు, లఘువు. అక్షరాల లెక్క ఒకటి, రెండు, మూడు, అయిదు, ఎనిమిది, పదమూడు, ఇలా పెరుగుతుంది. పదమూడులో గురువులు ఎనిమిది, లఘువులు అయిదు. ఎంత పొడుగ్గా రాసినా రెండు లఘువులు పక్కపక్కన రావు, మూడు గురువులు వరసగా రావు. ఇదిగో, ఇక్కణ్ణుంచి మళ్ళీ మొదటికొచ్చింది అని చెప్పగల చోటు మాత్రం ఎక్కడా దొరకదు. ఉత్పలమాలలో ప్రతి పాదంలోనూ అవే గణాలు వస్తాయి. అది స్ఫటికం. వచనానికి గణాల కట్టుబాటు లేదు. అది గాజు. మన గురులఘువుల దండకి నియమం ఉంది, పునరుక్తి లేదు. అదే క్వాసీక్రిస్టల్.

నేల మీద ఇదే పని 1970ల్లో రోజర్ పెన్రోజ్ చేసి చూపించాడు. కొబ్బరి బర్ఫీ ముక్కల్లాంటి రెండు పలకలు చాలన్నాడు. ఒకటి లావుపాటిది, ఒకటి సన్నది. వాటిని ఒక పద్ధతిలో పేరిస్తే నేల ఎంతైనా నిండుతుంది, అమరిక మాత్రం తిరిగి రాదు. సన్నపలక కొస కోణం ఎంతనుకున్నారు? 36 డిగ్రీలు. శుభలేఖ ముక్కల మధ్య బుజ్జికి మిగిలిన సందు అదే!

ఈ కథలో మనవాళ్ళ పేర్లూ ఉన్నాయి. షెక్ట్‌మన్ కంటే నాలుగేళ్ళ ముందే, 1978లో, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో జి.వి.ఎస్. శాస్త్రి, చల్లపల్లి సూర్యనారాయణ గార్లు ఆంట్‌వెర్ప్ మిత్రులతో కలిసి అల్యూమినియం, పల్లాడియం కలిపిన లోహం మీద వ్యాసం అచ్చువేశారు. అందులో పది రెట్ల సౌష్ఠవానికి చాలా దగ్గరైన బొమ్మ ఉంది. అప్పటి శాస్త్రం ప్రకారం దాన్ని పెద్ద గడి ఉన్న మామూలు స్ఫటికంగానే వివరించారు. అందులో వింతేమీ లేదు. ఆనాడు ఎవరైనా అదే చేసేవారు.

శాస్త్రిగారు అక్కడితో ఆగలేదు. కృష్ణా జిల్లా కవుతరం రైతు కుటుంబంలో 1942లో పుట్టిన పాచ్చా రామచంద్రరావు గారు అదే విశ్వవిద్యాలయంలో లోహశాస్త్రం ఆచార్యులు. తర్వాత రోజుల్లో దానికే ఉపకులపతి అయ్యారు. వీళ్ళిద్దరూ 1985లో ఒక ఉపాయం ఆలోచించారు. కనబడిన లోహమల్లా కలిపి చూడటం ఎందుకు? లోపల పరమాణువులు అయిదు రెట్ల సౌష్ఠవంతో ఇరవై ముఖాల గుత్తులుగా ఎప్పట్నుంచో ఉన్న స్ఫటికాన్ని ఎంచుకుని, దాన్ని గబుక్కున చల్లారిస్తే సరిపోదా? మెగ్నీషియం, అల్యూమినియం, జింకు కలిసిన ఒక స్ఫటికం అలాంటిదే. ఒక్కో గడిలో 162 పరమాణువులు. కరిగించి చల్లార్చారు. అనుకున్నట్టే క్వాసీక్రిస్టల్ వచ్చింది! అంతకుముందు దొరికింది అనుకోకుండా దొరికింది, ఇది లెక్కవేసి రాబట్టింది. అసలు చమత్కారం ఇంకొకటుంది. ఆ స్ఫటికం లోపలి కట్టడాన్ని 1950ల్లో విప్పి చెప్పిన ముగ్గురిలో ఒకరు పౌలింగే.

"దీనితో కరెంటు చేస్తారా తాతయ్యా?" అని బుజ్జి మేడ మీదికి లాక్కెళ్ళింది. అక్కడ మా సోలార్ పలకలున్నాయి. నల్లటి బిళ్ళలు. నాలుగు బిళ్ళలు కలిసే ప్రతిచోటా ఒక చిన్న తెల్ల డైమండ్ గుర్తు. అదేమిటని అడిగింది. ఒకే ఒక్క సిలికాన్ స్ఫటికాన్ని గుండ్రటి దిమ్మలా పెంచి, చదరంగా చెక్కి, పల్చగా కోస్తారు. గుండ్రటిదాన్ని చదరం చేస్తే మూలలు పోతాయి కదా, ఆ పోయిన మూలల జాగా అది.

అంత కష్టపడి ఒకే స్ఫటికం ఎందుకు? చీకట్లో మేడమెట్లు దిగినప్పుడు గమనించండి. మెట్లన్నీ ఒకే ఎత్తుంటే కాలు దానంతటదే పడుతుంది. ఒక్క మెట్టు తేడా వచ్చిందా, తూలుతాం. వెలుతురు తగిలి సిలికాన్‌లో వదులైన ఎలక్ట్రాన్ పరిస్థితీ అంతే. అన్ని మెట్లూ సమానమైతే హాయిగా తీగ దాకా చేరుతుంది. చిన్నచిన్న స్ఫటికాలు అతుక్కున్న నీలం పలకల్లో అతుకు దగ్గర కొన్ని తప్పిపోతాయి. ఇక క్వాసీక్రిస్టల్ మెట్లు మన గురులఘువుల్లాంటివి. నియమం ఉంది గానీ ఎలక్ట్రాన్ కాలికి అందదు. అందుకే అల్యూమినియం, రాగి, ఇనుము మూడూ విద్యుత్తుకి రహదారులే అయినా, మూడూ కలిసి క్వాసీక్రిస్టల్ అయ్యేసరికి దారి మూసుకుపోతుంది. మామూలు లోహం చల్లబడితే విద్యుత్తు ఇంకా సులువుగా పారుతుంది, ఇందులో ఇంకా కష్టమవుతుంది. మామూలు లోహంలో మలినాలు తీసేస్తే దారి సాఫీ అవుతుంది, ఇందులో అమరిక ఎంత లోపం లేకుండా ఉంటే అంత అడ్డం. వేడి కూడా అల్యూమినియంలో పారేదానిలో సుమారు వందో వంతే పారుతుంది.

అలాగని పనికిరానిదనకండి. గట్టిది, జారుడుది, అంటుకోనిది. ఫ్రాన్సులో దీని పూతతో పెనాలు చేసి అమ్మారు. స్వీడన్‌లో ఒకరకం ఉక్కులో ఈ క్వాసీక్రిస్టల్ నలుసులు పుట్టించి, ఆ ఉక్కుతో శస్త్రచికిత్స సూదులు చేశారు. 1990ల్లో జర్మనీలో దీన్ని పల్చటి పొరగా పరిచి ఎండవేడిని పట్టడానికి వాడొచ్చా అని చూశారు.  

ఎవరి పని వారిది. పునరుక్తి ఉంటే ఎలక్ట్రాన్‌కి దారి సులువు, లేకపోతే కష్టం. రెండూ క్రమమే. సోలార్ పలకల్లో ఇప్పుడు సిలికాన్‌కి పోటీగా వస్తున్న పెరోవ్‌స్కైట్ అనే స్ఫటికపు పొరల సంగతే చూడండి. 2009లో ఎండలో 3.8 శాతమే కరెంటుగా మార్చాయి, ఇప్పుడు ప్రయోగశాలల్లో 26 శాతం దాటాయి. తేమ తగిలితే మాత్రం ఆ అమరిక చెదురుతుంది. మా తేంగాయితిట్టు సముద్రపు గాలి వాటికి గట్టి పరీక్షే.

రేపు పొద్దున మీ వాకిట్లోనూ పిల్లలు అయిదు మూలల ముగ్గు వేస్తామని మారాం చేస్తారు. సందు మిగిలితే, తప్పని చెరిపేయనివ్వకండి. ముందు కోణమానిని చేతికిచ్చి ఆ సందు కొలవమనండి. 36 వస్తుంది.